దండోరా పేరు ఎవరిది?

పేరు మార్చుకోమని మాకు చెప్పనోడు లేడు. మా స్టాఫ్‌రూంలో టీ తాగుతా "కులం పోవాలంటారు మేడం, మళ్లీ మీరే కులం పేరుతో సంఘం పెట్టుకుంటారు, ఇదేం లెక్క?" అని అడిగే లెక్కల మాస్టారు ఒకరు. వర్గం తప్ప ఇంకో మాట నోట రాని పాత కామ్రేడ్ ఒకరు. "దళిత అనే పేరుండగా దాన్ని చీల్చి మీరేం బావుకున్నారే" అని అడిగే మాల స్నేహితురాలు ఒకామె. వీళ్లందరూ కొత్తగా చెప్పేదేం లేదు, ముప్పై ఏళ్ల నుంచీ వింటున్న మాటలే. ఈ మధ్య మాత్రం మా పల్లెలోనే, మా ఇళ్లల్లోనే, ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు అదే మాట అంటన్నారు. వర్గీకరణ వచ్చేసింది గదా, ఇంక ఆ పేరెందుకు, తీసేసి ఇంకేదన్నా పెడదాం అంటన్నారు.

బయటోళ్లకు జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో పిల్లలు అడిగితే అట్లా చెప్పి తప్పించుకోలేం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తన్నా.

చదివే విద్యార్థుల్లో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు కాబట్టి ముందు సంగతి చెప్పాలి. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టింది. పట్టణం కాదు, యూనివర్సిటీ కాదు, పల్లె. మంద కృష్ణ మాదిగ, ఆయనతోపాటు కొద్దిమంది కుర్రోళ్లు. వాళ్లు అడిగింది ఒక్కటే. ఎస్సీలకున్న పదిహేను శాతాన్ని ఎవరి జనాభాకు తగ్గట్టు వాళ్లకు పంచండి అని. జనం నోట్లో అది దండోరా అయింది. మాదిగ దండోరా. పేపరోళ్లకు ఎమ్మార్పీఎస్ అయింది. ఈ ఇంగ్లీషు పొడి అక్షరాల సంగతి గమనించారా? "ఎమ్మార్పీఎస్ నేతలు కలెక్టరును కలిశారు" అని పెద్దింటోళ్లు కూడా గొంతు తగ్గించకుండా చదువుతారు. ఆ మొదటి 'ఎం' అంటే ఏందో విడమర్చి చెప్పాల్సొస్తే మాత్రం గొంతు తగ్గుద్ది. మాదిగ అనే మాట పలకాల్సి వచ్చినప్పుడు చదువుకున్న మనిషి ఒకసారి తలుపు వైపు చూసి పలుకుతాడు. ఇది నేను చాలా స్టాఫ్‌రూముల్లో చూశా.

దండోరా అంటే ఏందో కూడా చెప్పాలి. ఎందుకంటే నా బడిలో ఏడో తరగతి పిల్లలకు ఆ మాటకు అర్థం తెలీదు. సంఘం పేరు అనుకుంటన్నారు. మా నాయన ఊళ్లో దండోరా వేసేవాడు. రేపు చెరువు కట్టకు మనిషికో పార తెచ్చుకోవాలని, శిస్తు కట్టాలని, ఊళ్లో ఫలానా పెద్దాయన పొయ్యాడని, ఫలానా వారం అమ్మోరికి పొంగళ్లని. డప్పు కాచుకోని, మెడకేసుకోని, ప్రతి బజారు మొగదలా నిలబడి నాలుగు దెబ్బలు కొట్టి, "ఇందుమూలంగా" అని మొదలుపెట్టి కేకేసేవాడు. దానికి కూలి లేదు. ఏడాదికోసారి కళ్లంలో చేటెడు గింజలు. అది కూడా అడిగి, నిలబడి, తిట్లు తిని తెచ్చుకోవాలి. వెట్టి అనే మాట పుస్తకాల్లో చదివినప్పుడు నాకు మా నాయన అరచేతులు గుర్తొచ్చేవి. ఒకసారి నాతో ఆయన అన్నాడు, "ఇన్నేళ్లు ఊరంతటికీ చాటినా. నోరు మంది. మాట ఒక్కటీ మంది కాదు."

ఆ పేరు ఎంచుకున్నవాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, మా నాయన లాంటోళ్లకు అది ఎట్లా అందిందో చెప్పగలను. ఊరోళ్ల మాట చాటిన డప్పు మొదటిసారి తన మాట చాటబోతుందని అందింది. దానికి ఉపన్యాసం అక్కర్లేదు, కరపత్రం అక్కర్లేదు. చదువురాని మనిషికి ఒక్క మాటలో ఉద్యమం అర్థమైపొయ్యింది. ఇంత పని చేసిన పేర్లు మన రాజకీయాల్లో ఎన్ని ఉన్నయ్? (ఒక మాట పక్కన. డప్పు కొట్టింది, దండోరా వేసింది అంతా మగాళ్లే. ఆ గింజలు చెరిగి, ఆ దొరలిళ్ల గొడ్లసావిళ్లు ఊడ్చి, నాట్లు వేసి, ఇల్లు నడిపిన మా అమ్మ చేతిలో ఏ వాయిద్యమూ లేదు. ఉద్యమం పేరులో ఆమె ఎక్కడుందని ఎవరూ అడగలేదు. సభలకు లారీలెక్కిన వాళ్లల్లో మాత్రం సగం మంది ఆడోళ్లే.)

ఇక ఆ మొదటి మాట. అసలు తగాదా అంతా దానిమీదే.

నేను మూడో తరగతిలో ఉండగా నా పేరే ఉన్న ఇంకో పిల్ల మా క్లాసులో ఉండేది. ఊరి పిల్ల. హాజరు పిలిచేటప్పుడు ఇద్దరికీ తేడా తెలియాలి గదా. ఆ పిల్లను పేరుతో పిలిచేవారు. నన్ను పేరుకు ముందు మాదిగ అని తగిలించి పిలిచేవారు. రోజూ. ఆ అయ్యవారు చెడ్డోడు కాదు, కొట్టేవాడు కాదు, నాకు ఎక్కాలు బాగా నేర్పించింది ఆయనే. తిట్టాలని అన్న మాట కాదది. గుర్తు కోసం అన్నాడు. నాకు ఎక్కువ మంట పుట్టించేది అదే. తిట్టయితే తిట్టినోడికి ఒకరోజు కోపం తగ్గుద్ది, లేకపోతే మనకు తగ్గుద్ది. గుర్తుకు తగ్గడమనేది లేదు. గొడ్డుకేసిన వాత లాగా ఉంటది. ఇంటిపేరు నాకూ ఉంది. దాంతో పిలవొచ్చని ఆయనకు తోచలేదు. మాకు ఇంటిపేర్లుంటయ్యన్న సంగతి ఊరికి ఎప్పుడూ గుర్తుండదు.

ఆ రోజుల్లోనే, 1996 ప్రాంతంలో, మా పల్లె దారిలో గోడల మీద రాతలు పడినయ్. నేను కూడబలుక్కోని చదివా. ఒక పేరు, దాని వెనక మాదిగ. ఇంకో పేరు, దాని వెనక మాదిగ. ముందు కాదు, వెనక. రెడ్డి కూర్చునే చోట, చౌదరి కూర్చునే చోట, శర్మ, శాస్త్రి కూర్చునే చోట. తెలుగులో పేరుకు ముందొచ్చే మాట వేరు, వెనకొచ్చే మాట వేరు. కుంటి రాముడు, గుడ్డి సుబ్బడు, మాదిగ ఎంకడు. ముందొచ్చేది మనిషిని తక్కువ చేసి గుర్తు పెడుద్ది. వెనకొచ్చేది మనిషిని పీట మీద కూర్చోబెడుద్ది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఈ వ్యాకరణం తెలీదు. కానీ ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఏదో చోటు మారిందని తెలిసింది. మాట అదే, చోటు మారింది. మా ఇంట్లో ఆ రాత గురించి పెద్ద గొడవ జరిగింది. మా నాయనమ్మ "మనల్ని మనమే తిట్టుకోడమేందిరా, సిగ్గులేకుండా" అని ఏడ్చింది. మా మేనమామ మర్నాడే తన సైకిల్ మడ్‌గార్డు మీద అట్లాగే రాయించుకున్నాడు.

లెక్కల మాస్టారు దీనిమీదే పట్టుకుంటాడు. "మేం ఆ మాటంటే అట్రాసిటీ కేసు, మీరు రాసుకుంటే గౌరవమా?" అవును మాస్టారూ. 1989 చట్టం ఆ మాటను నిషేధించలేదు. నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని నేరమంది. మా అమ్మ నన్ను "ఒసే పిచ్చిమొగమా" అంటుంది. అదే మాట మీరు నన్ను స్టాఫ్‌రూంలో అంటే ఊరుకుంటానా? మాట ఎవరి నోట్లోంచి, ఎక్కడ నిలబడి వచ్చిందన్నదే గదా అర్థం. ఇంకో సంగతి. కమ్మ సంఘాలు, రెడ్డి సంఘాలు, ఆర్యవైశ్య సత్రాలు, బ్రాహ్మణ సేవా సమితులు ఊరూరా ఉన్నయ్. వాళ్ల హాస్టళ్ల మీద కులం పేరు రెండడుగుల అక్షరాల్లో ఉంటది. కులం పోవాలంటే ఆ బోర్డుల దగ్గర మొదలుపెట్టండని ఆయన ఎవర్నీ అడగలేదు. కులం పేరు పైనోడు పెట్టుకుంటే వంశం, కిందోడు పెట్టుకుంటే కులతత్వం. ఇందులో చర్చించేదేముంది?

కామ్రేడ్‌కు మాత్రం కొంచెం ఓపిగ్గా చెప్పాలి. ఆయన మా కోసం దెబ్బలు తిన్నవాడు. ఆయనకు నేను అంబేడ్కర్ పార్టీల పేర్లు గుర్తుచేశా. 1936లో అంబేడ్కర్ పెట్టింది స్వతంత్ర కార్మిక పార్టీ. కార్మికుడి పేరు. 1942లో దాన్ని వదిలి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ పెట్టాడు. కులాల పేరు. ఎందుకు? ఆ ఏడాది క్రిప్స్ రాయబారం వచ్చింది. ఎవరు ఏ సమాజం తరఫున వచ్చారని తెల్లోడు అడుగుతున్నాడు. కార్మికుల పేరుతో పోయినోడికి అంటరానోళ్ల తరఫున మాట్లాడే కుర్చీ లేదు. మళ్లీ అందర్నీ కలుపుకోవాలని రిపబ్లికన్ పార్టీ తలపెట్టాడు. అది ఆయన పొయ్యాక 1957లో ఏర్పడింది. అంటే పార్టీ పేరు ఆయనకు దేవుడి పటం కాదు. ఏ గదిలోకి పోవాలో చూసుకోని దానికి తగ్గ తాళంచెవి తీసుకున్నాడు. అదే మనిషి, వేరేవాళ్లు పెట్టిన పేరు దగ్గర మాత్రం మంకుపట్టు పట్టాడు. 1938లో బొంబాయి శాసనసభలో హరిజన అనే మాటను చట్టంలో ఎక్కిస్తుంటే తన సభ్యులతో కలిసి లేచి బయటికొచ్చేశాడు. ఆ మాటను కులం సర్టిఫికెట్లలో రాయొద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది 1982లో. నలభై నాలుగేళ్లు పట్టింది.

ఇంత చెప్పినాక కూడా నాకొక భయం ఉంది. పేర్లు మార్చుకోడంలో మనకు పెద్ద చరిత్రే ఉంది, ఆ చరిత్ర చూస్తే వచ్చే భయమది.

మా జిల్లాలోనే చూడండి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కంట్రాక్టు తీసుకోని మావాళ్లకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలే. ఎల్లయ్యలు ఏలీయాలయ్యారు, పేరమ్మలు ప్రియమ్మలయ్యారు. మా నాయనమ్మకు గుడిలో ఒక పేరు, చేలో ఒక పేరు. అందరూ దేవుడి బిడ్డలయ్యారు గానీ ఊరు మాత్రం మా ఇళ్ల వైపు చెయ్యి చూపించి మాదిగపల్లె అనడం మానలేదు. తర్వాత 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. పంచములనే పేరు మాకొద్దు, ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని ఆది ఆంధ్రులుగా పేరు మార్చుకున్నారు. సభ పంచమ పేరుతో మొదలై ఆది ఆంధ్ర పేరుతో ముగిసింది. తెలుగునాట ఇంత ధైర్యంగా పేరు మార్చుకున్న ఉద్యమం ఇంకోటి లేదు. ఆయన సొంత పేరు కూడా అంతే. మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పాలించేవాళ్ల మాటలు తెచ్చి తన పేరు వెనక పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అది తిరుగుబాటే. దండోరా కుర్రోళ్లు ఎనభై ఏళ్ల తర్వాత అదే చోట తమ మాటే పెట్టుకున్నారు. నాకు రెండోది ఇంకా పెద్ద తిరుగుబాటనిపిస్తది. అంతమాత్రాన మొదటిదాన్ని తక్కువ చెయ్యను.

ఆ ఆది ఆంధ్ర పేరు ఏమైంది? మాల, మాదిగ, రెల్లి అందర్నీ ఒకటి చెయ్యాల్సిన పేరు. జనాభా లెక్కలకెక్కింది. అక్కడి నుంచి షెడ్యూల్డు కులాల జాబితాకెక్కింది. మాల, మాదిగ పక్కన అదీ ఒక కులమైపోయింది. జాబితా తీసి చూడండి, వదిలేద్దామనుకున్న పంచమ అక్కడుంది, పెట్టుకుందామనుకున్న ఆది ఆంధ్ర అక్కడుంది, మాదిగలు గౌరవంగా ఉంటదని తీసుకున్న అరుంధతీయ కూడా అక్కడుంది. 2000 సంవత్సరపు వర్గీకరణ చట్టంలో యాభైతొమ్మిది కులాలను నాలుగు ముక్కలు చేసినప్పుడు డి గ్రూపు పేరే ఆది ఆంధ్ర. నాలుగు కులాలు, ఒక్క శాతం. 1917లో మొత్తం జాతికి పెట్టుకున్న పేరు 2000 నాటికి ఒక్క శాతం వాటా అయ్యి కూర్చుంది. కులాన్ని దాటాలని పెట్టుకున్న పేరును కులం మింగేసింది.

అరుంధతీయ, జాంబవ అని మార్చుకుందామనే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీరు పేరు మార్చిన రోజు సాయంత్రానికల్లా ఊరు దాని అర్థం నేర్చుకుంటది. ఏ కాలేజీలోనైనా 'ఎస్సీ' అనే రెండక్షరాలు పలికే తీరు గమనించండి. రాజ్యాంగం ఇచ్చిన మర్యాదైన మాట గదా. దాన్ని కూడా తిట్టుగా పలకడం వాళ్లకు వచ్చేసింది. తమిళనాడులో అరుందతియర్ పేరుతోనే 2009లో మూడు శాతం లోపలి వాటా సాధించుకున్నారు. దానివల్ల అక్కడ పాకీ పనిలోకి పిల్లల్ని పంపించడం ఆగుద్దంటే వాటా వల్ల ఆగాలి, పేరు వల్ల కాదు.

మరి దళిత? ఈ మాటతో నాకు ఎప్పుడూ పేచీ లేదు. 1972లో బొంబాయిలో పాంథర్లు ఎత్తుకున్నాక దేశమంతా పాకిన మాట. మనకు దగ్గరైంది కారంచేడుతో. 1985 జూలై 17న కారంచేడులో చంపింది మాదిగల్ని. ఆ నెత్తురు మీద చీరాల శిబిరంలో పుట్టింది మాదిగ సభ కాదు, దళిత మహాసభ. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ముందు నడిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో చచ్చిపోయినవాళ్లల్లో ఎక్కువమంది మాలలు. అప్పుడు మాదిగలు కదిలారు. అదీ దళిత అనే పేరుకున్న బలం. నా స్నేహితురాలు ఇక్కడే నన్ను నిలదీస్తది. బీఈడీలో నేనూ ఆమే ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. "కారంచేడప్పుడు మన పేరు ఒక్కటే గదే. తొమ్మిదేళ్లు తిరక్కుండా మీకు వేరే పేరు కావాల్సొచ్చిందా? మీరు మాదిగ అన్నాక మావాళ్లు మాల మహానాడు అన్నారు. ఇప్పుడు ఊళ్లో రెండు పల్లెలు, రెండు అంబేడ్కర్ బొమ్మలు. దొర ఒక్కడే."

ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. మొదటిదానికి ఉంది. దళిత అనే ఇంట్లో అందరికీ చోటుందన్నారు. నిజమే. ఎవరు వసారాలో, ఎవరు గదిలో, ఎవరు వాకిట్లో అని అడగడానికి మాత్రం ఆ పేరులో మాట లేదు. చావు దగ్గర ఒక్కటయ్యాం, దరఖాస్తు దగ్గర కాలేదు. సుప్రీంకోర్టు కూడా 2004 నవంబర్ 5న ఈ.వి. చిన్నయ్య కేసులో ఇదే మాట చట్టం భాషలో చెప్పింది. రాష్ట్రపతి జాబితాలో ఒక్క పేరు కింద చేరినాక వాళ్లంతా ఒక్క వర్గమే, విడగొట్టడానికి వీల్లేదంది. పేరు ఒక్కటైతే బతుకు ఒక్కటైపోయినట్టేనా? దాన్ని తప్పని చెప్పడానికి అదే కోర్టుకు ఇరవై ఏళ్లు పట్టింది. 2024 ఆగస్టు 1న ఏడుగురిలో ఆరుగురు వర్గీకరణ చెల్లుద్దన్నారు. ఈ మధ్యకాలంలో ఎవరేం పోగొట్టుకున్నారో మా ఇంట్లోనే ఉంది లెక్క. మా మేనమామ 2002లో బి గ్రూపులో టీచరయ్యాడు. ఆయన్ని చూసే నేను చదివా. ఆయన తమ్ముడు అదే ట్రైనింగు చేసి, 2004 తర్వాత రాసి రాసి, ఇప్పుడు ఒంగోల్లో ఆటో నడుపుతన్నాడు. నేను 2014 డీఎస్సీలో వచ్చా. నాకొచ్చింది గాబట్టి వర్గీకరణ అక్కర్లేదని మా స్నేహితురాలు అంటది. నాకొచ్చింది గాబట్టే, రానోళ్ల మొహాలు నాకు పేరుపేరునా తెలుసు అని నేనంటా.

దళిత అనేది పక్కన పెట్టాల్సిన పేరని నేనట్లేదు. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీలోళ్లకు దళిత అనొద్దు, షెడ్యూల్డు కులాలనండి అని సలహా పంపింది. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు మీద ప్రభుత్వానికి అంత ప్రేమ ఎందుకో ఆలోచించండి. మనం పెట్టుకున్న పేరు మనల్ని కదిలిస్తది. వాళ్లిచ్చిన పేరు మనల్ని క్యూలో నిలబెడుద్ది. దళిత, మాదిగ రెండూ మనం ఎత్తుకున్నవే. ఒకటి ఊరితో తగాదాకు, రెండోది ఇంట్లో తగాదాకు. ఇంట్లో తగాదాకు ఊరి బజారులో పేరు పెట్టుకోడమేందని అడగొచ్చు. ఇంట్లో అడిగితే వినలేదు గదా.

ఇంతవరకూ రాసింది చదివి మావాళ్లు సంతోషిస్తారు. ఇక రాయబోయేది వాళ్లకు నచ్చకపోవచ్చు.

మా పల్లెకు ఏడాదికోసారి మాస్టీలు వచ్చేవాళ్లు. గడలెక్కి, పల్టీలు కొట్టి, ఆట ఆడి మాదిగల దగ్గర మాత్రమే అడుక్కోవాలి. అది వాళ్ల హక్కు. పల్లె చివర తుమ్మచెట్ల కింద దిగేవాళ్లు. మా నాయన ఊళ్లో ఎట్లా నిలబడేవాడో వాళ్లు మా వాకిట్లో అట్లాగే నిలబడేవాళ్లు. తెలంగాణలో డక్కలివాళ్లు జాంబ పురాణం చెప్పి మాదిగల దగ్గరే అడుక్కుంటారు. మా పుట్టుకను మాకు చెప్పేది వాళ్లు. వాళ్లను మా వాడలోకి రానిచ్చింది లేదు. చిందోళ్లు, బైండ్లవాళ్లు, ఇట్లా మాదిగను ఆసరా చేసుకోని బతికే కులాలు చాలా. చట్టంలో బి గ్రూపు అంటే పద్దెనిమిది కులాలు. లోకం నోట్లో దాని పేరు మాదిగ గ్రూపు. ఎస్సీ అనే ఒక్క పేరు కింద మమ్మల్ని కనపడకుండా చేశారని మేం ముప్పై ఏళ్లు అరిచాం. మాదిగ అనే ఒక్క పేరు కింద డక్కలి కనపడతన్నాడా?

పోయినేడు నా బడిలో ఒక మాస్టీ పిల్లను చేర్చుకున్నా. ఇద్దరన్నలు, ఎవరూ బడి మొగం చూడలేదు. కులం సర్టిఫికెట్ కోసం వాళ్ల నాయనను వెంటబెట్టుకోని మండలాఫీసుకు పోతే, అక్కడి గుమస్తా "మాదిగ అని రాయించుకోండి, తొందరగా వస్తది" అన్నాడు. ఆయన నా మొగం వంక చూశాడు. "రాసుకోమంటావా అమ్మా?" అన్నాడు. "మీ పేరు మీకు జాబితాలో ఉంది, అదే రాయించుకోండి" అన్నా. రెండు నెలలు తిరిగాం. ఆ రెండు నెలలు నాకు దండోరా పేరు మీద ఎన్నో ఉపన్యాసాలకంటే ఎక్కువ నేర్పినయ్. మాదిగ అనే మాట నాకు చోటు మారిన మాట. ఆయనకు మాత్రం వాకిట్లో నిలబెట్టినోళ్ల మాట. నాకు గౌరవమైంది ఆయనకు గౌరవం ఎట్లా అవుద్ది?

కాబట్టి పేరు మార్చమని అడిగే హక్కు ఎవరికుందంటే, ఆ పేరు వింటే ఇబ్బంది పడేవాళ్లకు కాదు. ఆ పేరు కింద పనిచేసి, సభలకొచ్చి, జెండా మోసి, ఆ పేరులో లేనివాళ్లకు. మాల స్నేహితురాలికి ఆ హక్కు సగమే ఉంది. మాస్టీ నాయనకు నిండా ఉంది. ఆయన అడగడు. అడిగే చోటు మేమివ్వలేదు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణలో మూడు గ్రూపులుగా చట్టం అమల్లోకొచ్చింది, ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలుగా. అదే నెలలో మన దగ్గర ఆర్డినెన్స్ వచ్చింది, ఒకటి, ఆరున్నర, ఏడున్నరగా. ఆ వెంటనే వచ్చిన 16,347 పోస్టుల డీఎస్సీలో అట్లాగే పంచారు. మా పల్లెలో పటాకులు కాల్చారు. ఆ తర్వాత కొద్ది రోజులకే పేరు మార్చే చర్చ మొదలైంది. రాత్రి పూట బొమ్మ దగ్గర కూర్చున్నాం, నలభై మంది దాకా. కుర్రోళ్లు తెచ్చిన పేర్లలో బహుజన ఉంది, జాంబవ ఉంది, ఇంగ్లీషులో ఏదో ఫోరం ఉంది. ఒక పిల్లోడు చెప్పిన కారణం మాత్రం నేను కొట్టెయ్యలేకపొయ్యా. "అక్కా, కంపెనీలోళ్లు మన ఫేస్‌బుక్ చూస్తారు. నా పేరు వెనక అది చూస్తే ఫోన్ రాదు. నువ్వు గవర్నమెంటు టీచరువి, నీకేం, ఎంతైనా చెప్తావ్." వాడు సిగ్గుతో అడగట్లేదు, ఆకలితో అడుగుతన్నాడు. సిగ్గుతో అడిగితే వాదించొచ్చు.

నేను వాడికి చెప్పింది ఇది. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి అనే పేరులో అందరూ మొదటి మాట మీదే పడతన్నారు. రెండో మాట సంగతి చూడండిరా. రిజర్వేషన్ అనేదాంట్లో మన వాటా తేలింది. కానీ రిజర్వేషన్ ఉన్న చోటు ఎంత? ప్రభుత్వ ఉద్యోగం. అది ఏడాదికేడాది తగ్గుతుంది. నీకు ఫోన్ రాని కంపెనీలో రిజర్వేషన్ లేదు, వర్గీకరణ లేదు, కులం మాత్రం ఉంది. పేరు తీసేస్తే వాళ్లు ఇంటిపేరు చూస్తారు, ఊరు అడుగుతారు, నాయన ఏం చేస్తాడని అడుగుతారు. మార్చాల్సొస్తే ఆ రెండో మాట తీసి, దాని చోట ఇప్పుడు అడగాల్సిందేందో అది పెట్టండి. ప్రైవేటు కొలువంటారా, భూమంటారా, మీరు తేల్చుకోండి. మొదటి మాట దగ్గరికి రాకముందు మాస్టీలను, తక్కిన కులాల వాళ్లను పిలిచి మనతోపాటు కూర్చోబెట్టండి. వాళ్లు ఉంచమంటే ఉంచుదాం, ఇంకో మాట కలపమంటే కలుపుదాం.

పెద్దోళ్లు దీనికి ఒప్పుకోలేదు. మా నాయన వయసాయన ఒకాయన "మాస్టోళ్లను అడిగి మన పేరు పెట్టుకోవాల్నా?" అని లేచిపొయ్యాడు. మా నాయన మాత్రం లేవలేదు. మాట్లాడనూ లేదు. మిరప కోతలు అయిపోయినాక మళ్లీ కూర్చుందామన్నారు. తుమ్మచెట్ల కింద వాళ్లకు కబురు చెప్పే పని ఎవరూ మీదేసుకోకపోతే నేనే పోతానని చెప్పొచ్చా.